నొప్పి లేని వాపు: షుగర్ ఉన్నవారి చీలమండ బెణికినప్పుడు

ఆఖరి మెట్టు దిగుతుండగా కాలు మెలిక పడింది. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న మనిషి. ఆ క్షణంలో కలుక్కుమన్నట్టు అనిపించింది గానీ తర్వాత పెద్ద నొప్పేమీ లేదు. సాయంత్రానికి చీలమండ చుట్టూ వాచింది. దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. క్రేప్ బ్యాండేజి చుట్టి, నొప్పి బిళ్లలు రాసిచ్చారు. నొప్పి లేదు కదా అని మర్నాటి నుంచే పనికి వెళ్లారు. మూడు వారాలైనా వాపు దిగలేదు, ఆ కాలికి చెప్పు పట్టడం లేదు, చెయ్యి వేసి చూస్తే జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. ఇంకో రెండు నెలలకు పాదం మధ్యలో ఉండాల్సిన వంపు పోయి, అరికాలు పడవ అడుగులా కిందికి ఉబ్బింది.

షుగర్ కాళ్ల వైద్యులు తరచుగా చూసే క్రమం ఇది. ఇందులో ఎవరూ పెద్ద తప్పు చేసినట్టు కనిపించదు. బెణుకు అనుకున్నారు, బెణుకుకు చేసే వైద్యమే చేశారు. పాదాల్లో స్పర్శ బాగున్న మనిషికి అది సరిపోయేది కూడా. స్పర్శ పోయిన కాలి విషయంలో మాత్రం ఆ వైద్యంలో అసలైనదే లోపించింది: ఎవరూ నడక ఆపించలేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల మందికి పైనే. అంటే బెణికిన కాలితో ఏ చిన్న క్లినిక్ గడప తొక్కేవారిలోనైనా షుగర్ ఉన్నవారు తప్పకుండా ఉంటారు. వాళ్లను చూసినప్పుడు మొదట అడగాల్సింది ‘నొప్పి ఎంత ఉంది?’ అని కాదు. ‘పాదాల్లో స్పర్శ ఉందా?’ అని.

స్పర్శ పోవడమంటే

చాలా ఏళ్లు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ముందుగా దెబ్బతినేవి శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు. అవి కాలివేళ్ల దాకా వెళ్లేవి. అందుకే ఇబ్బంది వేళ్ల కొసల్లో మొదలై, సాక్సు తొడిగినంత మేర మెల్లగా పైకి పాకుతుంది. తిమ్మిర్లు, మంటలు, చీమలు పాకినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం: ఇవన్నీ జనం చెప్పే మాటలే. వీటికంటే గట్టి ఆనవాలు ఇంకోటి ఉంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా నాలుగడుగులు వేసేదాకా తెలియకపోవడం. ఈ మాట వింటే వైద్యుడు వెంటనే సాక్సులు విప్పించి పాదాలు చూడాలి.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. ‘నాకు రాత్రంతా అరికాళ్లు మంటలే, ఇక స్పర్శ పోయిందంటే ఎలా?’ అంటారు. ఆ మంట పుట్టేది చెడిపోయిన నరంలోంచే. రాత్రంతా మండే పాదానికే పగలు మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. మంట ఉంది కనుక పాదం బాగానే ఉందనుకోవడం చాలా ప్రమాదం.

నరాలు మోసే కబుర్లలో నొప్పి ఒక్కటే లేదు. కళ్లు మూసుకున్నా పాదం ఎక్కడుందో, ఎటు ఒరిగిందో తెలిసేది కూడా వాటివల్లే. ఆ తెలివిడి తగ్గిన మనిషి చీకట్లో బాత్రూమ్‌కు వెళ్తూ తూలుతాడు. ముఖం మీద నీళ్లు చల్లుకుంటూ కళ్లు మూయగానే ఒరిగిపోతాడు. గతుకు మీద అడుగు పడినప్పుడు చీలమండను సర్దుకునే కండరాలకు కబురు ఆలస్యంగా అందుతుంది. అంటే కాలు మెలిక పడటం కూడా చాలాసార్లు అదే జబ్బులో భాగం. పాదంలోని చిన్న కండరాలు చిక్కిపోయి వేళ్లు కొక్కేల్లా వంగుతాయి. చెమట పట్టక చర్మం ఎండి మడమలు పగులుతాయి.

కీళ్ల చుట్టూ ఉండే నారలు కూడా ఏళ్ల తరబడి చక్కెర పట్టి బిరుసెక్కుతాయి. దీన్ని చూసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నమస్కారం పెట్టినట్టు రెండు చేతులూ జోడిస్తే అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనాలి. మధ్యలో సందు మిగిలిపోతే చేతి కీళ్లు బిగుసుకున్నట్టు. చేతుల్లో జరిగినది కాళ్లలోనూ జరిగి ఉండే అవకాశం ఎక్కువ. మడమ వెనకాల నరమని మనం పిలిచే ఆ లావుపాటి స్నాయువు కురచబడితే చీలమండ పైకి వంగదు, నడకలో బరువంతా పాదం ముందు భాగం మీదే పడుతుంది.

నొప్పి లేకపోవడమే గాయమని ముందుగా గట్టిగా చెప్పింది షుగర్ వైద్యులు కాదు, కుష్ఠు వైద్యులు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు ఎందుకు కరిగిపోతున్నాయో ఏళ్ల తరబడి గమనించాడు. జబ్బే మాంసాన్ని తినేస్తోందని అప్పటి నమ్మకం. ఆయన చూసింది వేరు. స్పర్శ లేని పాదం మీద రోజూ అదేచోట బరువు పడి, అదే పుండు మళ్లీ మళ్లీ రేగుతోంది. కాలికి సరిగ్గా అమరే ప్లాస్టర్ వేసి ఒత్తిడి తీసేస్తే ఆ పుళ్లే మానాయి. 1960లలో ఆయన అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, ఆ పద్ధతి షుగర్ పుళ్లకూ పాకింది. ఇవాళ షుగర్ ఉన్నవారికి రాసే ఎంసీఆర్ చెప్పుల మెత్తటి రబ్బరు అట్ట కూడా కుష్ఠు రోగుల పాదాల కోసం మొదలైనదే. తెలుగు నాట నుంచి తరాలుగా వైద్యానికి వెళ్తున్న వేలూరులో పుట్టిన జ్ఞానం ఇది. మన ఊళ్ల క్లినిక్‌లకు పూర్తిగా చేరకపోవడం బాధ కలిగిస్తుంది.

ఎముక కరిగే వాపు

మొదట చెప్పుకున్న కాలికి వచ్చినదాన్ని షార్కో పాదం అంటారు. పారిస్ నరాల వైద్యుడు షార్కో 1868లో, సిఫిలిస్ వల్ల వెన్నుపాము చెడినవారి కీళ్లు నొప్పి లేకుండానే శిథిలమవుతున్న తీరును వివరించాడు. షుగర్‌లోనూ అదే జరుగుతుందని 1936లో జోర్డాన్ అనే అమెరికా వైద్యుడు రాశాడు. ఇప్పుడు ఈ జబ్బుకు ప్రధాన కారణం షుగరే.

ఇది జరిగే తీరు తెలిస్తే వైద్యం ఎందుకంత కఠినంగా ఉంటుందో అర్థమవుతుంది. చిన్న బెణుకుకైనా శరీరం ఆ చోటికి రక్తాన్ని పంపి, వాపు పుట్టించి, బాగుచేసే పని మొదలుపెడుతుంది. మామూలు మనిషి నొప్పికి కుంటుతాడు, కాలు ఆన్చడు. రెండు మూడు వారాల్లో వాపు దానంతటదే చల్లారుతుంది. స్పర్శ లేని మనిషి నడుస్తూనే ఉంటాడు. ప్రతి అడుగూ కొత్త దెబ్బ అవుతుంది, వాపు చల్లారదు. ఆ వాపు రసాయనాలు ఎముకను అరగదీసే కణాలను రెచ్చగొడతాయి. ఎముక మెత్తబడుతుంది, మెత్తబడ్డ ఎముక నడకకు చిట్లుతుంది, చిట్లిన కొద్దీ వాపు పెరుగుతుంది. నొప్పి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగిపోవాల్సిన చక్రం ఇది.

ఇది ఎక్కువగా పాదం మధ్య ఎముకల్లో వస్తుంది. చీలమండలో తక్కువే గానీ వచ్చిందంటే మొండిది. ఒంటి బరువంతా ఆ ఒక్క కీలు మీద నిలబడాలి కనుక, అది కుంగితే కాలు పక్కకు ఒరిగిపోతుంది, బయటి ఎముక గుబ్బ నేలకు ఆని పుండు పడుతుంది.

రక్తప్రసరణ బాగుండటం కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. షుగర్ కాలు అనగానే నాడి అందని, చల్లబడ్డ, నల్లబడే కాలే అందరికీ గుర్తొస్తుంది. షార్కో పాదంలో నాడి బలంగా కొట్టుకుంటుంది, చర్మం ఎర్రగా, వెచ్చగా ఉంటుంది. ‘రక్తం బాగా ఆడుతోంది, భయం లేదు’ అన్న భరోసాతో ఇంటికి పంపేస్తారు.

అందుకే దీనికి వేరే పేర్లు పడుతూ ఉంటాయి. ఎర్రగా ఉంది కనుక సెల్యులైటిస్ (చర్మం కింద ఇన్‌ఫెక్షన్) అని యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ ఉంటే గౌట్ అనే కీళ్లవాపు అంటారు. పిక్క కూడా వాస్తే రక్తం గడ్డకట్టిందేమోనని రక్తనాళాల స్కాన్ (డాప్లర్) తీస్తారు. వీటిలో ఏదైనా నిజం కూడా కావచ్చు. తేడా పట్టడానికి కొన్ని ఆధారాలున్నాయి. చర్మం ఎక్కడా తెగకుండా, జ్వరం లేకుండా, తెల్లకణాలు పెరగకుండా ఒక్క పాదమే వెచ్చగా వాచి ఉంటే చీము కంటే షార్కోనే ముందు అనుమానించాలి. పడుకోబెట్టి కాలిని పది నిమిషాలు ఎత్తులో ఉంచితే షార్కో ఎరుపు చాలావరకు తగ్గుతుంది, ఇన్‌ఫెక్షన్ ఎరుపు అంతగా తగ్గదు. ఈ పరీక్ష ఒక్కటే తీర్పు కాదు. పుండు ఉన్న కాలిలో రెండూ కలిసి ఉండొచ్చు.

ఎక్స్‌రే మామూలుగా ఉందన్న మాటకు తొలి వారాల్లో పెద్ద విలువ లేదు. ఎముక చిట్లి, కీలు జరిగితేనే ఎక్స్‌రేలో పడుతుంది. అంతకుముందే ఎముక లోపలి వాపును ఎంఆర్‌ఐ చూపిస్తుంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేశాయి. అనుమానం కలిగిన వెంటనే కాలిని మోకాలి కింది దాకా కదలకుండా బిగించి బరువు తీసేయాలి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. ఎంఆర్‌ఐ తేదీ కోసం పది రోజులు నడుస్తూ తిరిగితే, ఆ పది రోజుల్లోనే పాదం ఆకారం మారిపోవచ్చు.

ఇంట్లో ఎవరైనా చేయగల పరీక్ష చెయ్యి పెట్టి చూడటం. ఇద్దరు పిల్లల నుదుళ్లు పోల్చినట్టే, చేతి వెనక వైపుతో రెండు పాదాలూ ఒకే చోట తాకి చూడాలి. షుగర్ ఉన్నవారి చేతులకూ స్పర్శ తగ్గి ఉండొచ్చు కనుక ఇంట్లో వేరేవాళ్లు చూడటం మేలు. కరోనా కాలంలో కొన్న థర్మామీటరు గన్ బీరువాలో ఉంటే, దాన్ని వస్తువుల వేడి చూసే మోడ్‌లో పెట్టి రెండు పాదాలూ కొలవొచ్చు. రెండింటికీ 2 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి తేడా ఉంటే అది బెణుకే అని ఎవరన్నా సరే నడక ఆపి వైద్యుణ్ని చూడాలి.

ఆరు నెలల కట్టు

మోకాలి కింది నుంచి వేళ్ల దాకా, కాలికి అంటుకుని ఉండే ప్లాస్టర్ దీనికి ప్రధాన వైద్యం. కొద్ది రోజుల్లోనే వాపు దిగి ప్లాస్టర్ వదులవుతుంది కనుక మొదటిది త్వరగా మారుస్తారు. తర్వాత వారానికో రెండు వారాలకో మారుస్తూ పోతారు. రెండు పాదాల వేడి సమానమయ్యేదాకా, ఎక్స్‌రేలో ఎముక గట్టిపడినట్టు కనిపించేదాకా ఇది సాగుతుంది. తరచుగా నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. విప్పి తొడుక్కునే బూట్లు ఉన్నాయి గానీ అవి తొడిగినంత సేపే పనిచేస్తాయి. ఇంట్లోనే కదా, నాలుగడుగులే కదా అని అందరూ విప్పేస్తారు. అందుకే విప్పలేని కట్టే మేలంటారు.

నొప్పే లేని కాలికి ఆరు నెలల కట్టా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆటో నడిపేవారికి, కుట్టుమిషన్ తొక్కేవారికి, పొయ్యి దగ్గర నిలబడేవారికి అది ఆరు నెలల ఆదాయం, ఆరు నెలల సంసారం. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే కట్టుతో కూర్చోవడమే కుదరదు. కమోడ్ కుర్చీ కొనాలి, వాకర్ కొనాలి, కాలు తడవకుండా స్నానం చేయించే మనిషి కావాలి. వైద్యులు ఈ సంగతులన్నీ మొదటి రోజే ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడితే కట్టు నిలుస్తుంది. ‘నడవకండి’ అని ఒక్క ముక్క రాసి పంపితే నిలవదు.

ఎముకల కట్టు అనగానే రాయలసీమలో, చుట్టుపక్కల చాలామందికి పుత్తూరు కట్టే గుర్తొస్తుంది. తరాల నమ్మకం అది. స్పర్శ ఉన్న మనిషి కట్టు బిగిస్తే ‘బిగిసింది, వదులు చెయ్యండి’ అంటాడు. స్పర్శ లేని మనిషి అనడు, అనలేడు. బద్దల కట్టయినా ఆసుపత్రి ప్లాస్టరైనా లోపల ఒత్తుకుని పుండు పడితే అతనికి వాసన వచ్చేదాకా తెలియదు. కనుక ఎవరి దగ్గర కట్టించుకున్నా షుగర్ ఉందని, కాళ్లలో స్పర్శ లేదని ముందే చెప్పాలి. వేళ్ల రంగు రోజూ చూసుకోవాలి. ఇక నూనె రాసి మర్దన చేయించడమంటే వేడెక్కి ఉన్న షార్కో కీలును చేతులారా కదిలించడమే.

నిజంగానే చీలమండ ఎముక విరిగితే లెక్కలు ఇంకా మారతాయి. పక్కింటాయన ఆరు వారాల్లో లేచి తిరిగాడన్న పోలిక పనికిరాదు. నరాలు చెడినవారికి బరువు ఆన్చకుండా ఉంచే కాలాన్ని శస్త్రవైద్యులు సుమారు రెట్టింపు చేస్తారు. ప్లేట్లు, స్క్రూలు కూడా మామూలు కంటే ఎక్కువే వాడతారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉన్నకొద్దీ కుట్లు మానకపోవడం, చీము పట్టడం ఎక్కువవుతాయి. డిశ్చార్జి కాగితంలో షుగర్ అని ఉంటే సరిపోదు, న్యూరోపతి, అంటే నరాలు చెడటం, ఉందని కూడా రాసి ఉండాలి. ఆరో వారంలో కట్టు విప్పే డాక్టరు వేరే మనిషి కావచ్చు.

బెణికిన గంటలో

కాలు మెలిక పడిన వెంటనే చేయాల్సింది, నొప్పి లేకపోయినా, ఆ కాలిని ఆన్చకపోవడం. రెండోది చాలామందికి తోచనిది: మెట్టెలు, పట్టీలు తీసేయడం. వాపు పెరిగే కొద్దీ మెట్టె వేలిని బిగిస్తుంది. స్పర్శ లేని వేలికి ఆ బిగింపు తెలియదు. ముత్తైదువ మెట్టెలు తీయకూడదన్న పట్టింపు బలమైనదే, ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడొచ్చు కూడా. వాపు దిగాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఉబ్బిన వేలికి బిగిసిపోయాక మాత్రం కోసి తీయాల్సి వస్తుంది.

ఇటుక కాపడం, ఉప్పు మూట, వేడినీళ్ల బ్యాగు, వీటిలో ఏదీ వద్దు. కాలుతున్నా తెలియని చర్మం మీద వేడి పెడితే మర్నాటికి బొబ్బలు లేస్తాయి. షుగర్ పుళ్లు ఇలా కూడా మొదలవుతాయి. ఐసుదీ అదే తీరు. గుడ్డలో చుట్టి, పది నిమిషాలకు మించకుండా, మధ్యమధ్య చర్మం చూస్తూ పెట్టాలి. రక్తప్రసరణ తక్కువని ముందే తెలిసిన కాలికి ఐసూ, బిగుతు బ్యాండేజీ రెండూ పెట్టకూడదు. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. షుగర్ ఉన్నవారిలో అవి అప్పటికే బలహీనపడి ఉండొచ్చు కనుక సొంతంగా కొని మింగడం మంచిది కాదు. వాపు తగ్గిస్తుందని వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చక్కెరను ఒక్కసారిగా పెంచేస్తుంది. ఏ ఇంజెక్షన్ వేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి.

వేలు నల్లబడినా, పాదం చల్లబడి పాలిపోయినా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

కాలు బాగున్నప్పుడే

స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆసుపత్రుల్లో సన్నటి నైలాన్ పోగు వాడతారు. అది లేకపోయినా ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు దీన్ని రూపొందించారు. షుగర్ ఉన్న మనిషి కళ్లు మూసుకుని పడుకోవాలి. ఇంకొకరు చూపుడువేలి కొసతో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసలను, రెండు పాదాలకూ, ఒక్కొక్కటి ఒకటి రెండు సెకన్లు అలా ఆన్చి తీయాలి. నొక్కకూడదు, రాయకూడదు. తాకినట్టు తెలిస్తే కుడి, ఎడమ అని చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ అంతకు మించి గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మనవరాలు తాతకు చేయగలదు.

స్పర్శ తగ్గిందని తేలినవారు హవాయి చెప్పులు మానాలి. ఆ చెప్పు నిలవాలంటే వేళ్లు దాన్ని పట్టుకుని ఉండాలి. స్పర్శ లేని వేళ్లు పట్టుకోలేవు, చెప్పు మెలిక పడి చీలమండ బెణుకుతుంది. వెనక పట్టీ, వేళ్ల దగ్గర వెడల్పు, అడుగున గట్టి అట్ట, లోపల మెత్తదనం ఉన్నవి కావాలి. సాయంత్రం పూట కొనుక్కుంటే పాదం ఉబ్బిన కొలతకు సరిపోతాయి.

చెప్పులే లేని నడక సంగతీ చెప్పుకోవాలి. అయ్యప్ప దీక్షలో 41 రోజులు, అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, మధ్యాహ్నపు ఎండలో కాగిన గుడి ప్రాంగణపు రాళ్లు. భక్తి గురించి తీర్పు చెప్పడానికి కాదు ఈ మాట. మాల వేసుకునే ముందు ఆ ఆరు వేళ్ల పరీక్ష చేయించుకుని, స్పర్శ లేదని తేలితే గురుస్వామితో ముందే మాట్లాడుకోవాలి. నడిచిన ప్రతి రాత్రీ అరికాలు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంకొకరి చేత చూపించుకోవాలి.

ఇక షార్కో కట్టు విప్పిన తర్వాతి వారాలు. ఆరు నెలలుగా బరువు మోయని ఎముక అది. రెండో కాలు ఇన్నాళ్లూ రెండింటి బరువూ మోసింది, అందులోనూ షార్కో మొదలయ్యే వీలుంది. కనుక మొదటి రోజు పది నిమిషాల నడక, అదీ పాదం కొలతకు చేయించిన బూటు తొడుక్కుని. రాత్రి రెండు పాదాల వేడీ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. తేడా పెరగకపోతే నడక కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. రెండు డిగ్రీల తేడా మళ్లీ కనిపిస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆ రోజు నుంచే మళ్లీ కట్టు.